మీ ప్రశ్న, డాక్టర్ జవాబు: నూనె చుక్కతో అమీబా చస్తుందా?

యాంకర్: నమస్కారం. విశాఖపట్నం నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. మొక్కల నుంచి తీసే సుగంధ తైలాలు అమీబాలను చంపేస్తాయంటూ వీడియోలు తెగ తిరుగుతున్నాయి. ఎంతవరకు నిజమో చెప్పడానికి మైక్రోబయాలజీ డాక్టర్ గారు స్టూడియోకి వచ్చారు. హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్: పెందుర్తి అండీ. మా గుంటడికి ఐదేళ్లు. జిగట విరేచనాలు, కొంచెం రక్తం కూడా పడతంది. పోయిన నెల అమీబా అని మాత్రలిచ్చారు, తగ్గిపోయిందని రెండ్రోజులకే ఆపేశాం. మళ్లీ వచ్చింది. వాము నూనె రెండు చుక్కలు తేనెలో పట్టమంటున్నారు, పట్టొచ్చా మేడమ్?

డాక్టర్: వద్దమ్మా. వంటలో వేసే వాము వేరు, ఈ నూనె వేరు. ఇందులో థైమాల్ అనే ఘాటైన రసాయనం చాలా చిక్కగా ఉంటుంది. నీలగిరి తైలం, లవంగ నూనె మింగి ఫిట్స్ వచ్చిన పసిపిల్లలున్నారు. ఇక మళ్లీ ఎందుకొచ్చిందంటారా, ఇలాంటప్పుడు ఇచ్చే మెట్రోనిడజోల్ అనే మందు పేగు గోడలో దూరిన అమీబాలను చంపుతుంది, పేగులో మిగిలే గుడ్డులాంటి రూపాల్ని, అంటే సిస్టుల్ని, సరిగ్గా చంపలేదు. అందుకే కోర్సు పూర్తయ్యాక ఇంకో మందు ఇస్తారు. అయితే రక్తం పడితే అది అమీబాయే అనుకోకండి, షిగెల్లా అనే బ్యాక్టీరియా కూడా కావచ్చు. ఈ రోజే పిల్లల డాక్టర్‌కి చూపించండి. మలం పరీక్ష రాస్తే నమూనా అరగంటలోపు ల్యాబ్‌కి చేరాలి. ఆలస్యమైతే అమీబా కదలడం మానేస్తుంది, చూసేవాళ్లకి దొరకదు. ఈలోపు ఓఆర్ఎస్ పడుతూ ఉండండి.

యాంకర్: అంటే మొక్కల మందులు పనికిరావనా మేడమ్?

డాక్టర్: అలా ఎందుకంటాను? ఒకప్పుడు ఈ జబ్బుకు అసలు మందే ఇపెకాక్ అనే మొక్క వేరు నుంచి తీసిన ఎమెటిన్. 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ అనే డాక్టర్ దాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి చూపించారు. అమీబాను చంపేది, కానీ గుండెను దెబ్బతీసేది. 1960ల్లో మెట్రోనిడజోల్ వచ్చాక వెనక్కి వెళ్లిపోయింది.

కాలర్: హలో మేడమ్, మద్దిలపాలెం నుంచి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టుకి నిమ్మగడ్డి నూనెను అకాంతమీబా మీద, అంటే కంటికి సోకే అమీబా మీద, పరీక్షిద్దామని. ఎక్కడ తేడా వస్తుందో చెప్తారా?

డాక్టర్: మంచి ప్రశ్న బాబూ. మొదటి చిక్కు, నూనె నీళ్లలో కలవదు. డీఎంఎస్ఓలోనో ట్వీన్‌లోనో కలుపుతావు. ఆ ద్రావణి ఒక్కటే వేసిన కంట్రోల్, అంటే పోల్చి చూసే నమూనా, లేకపోతే అమీబాను చంపింది నూనెనో, ద్రావణో తేల్చలేవు. రెండోది, నూనె ఆవిరవుతుంది. 96 గుంటల ప్లేటులో పక్క గుంటలోకి ఆవిరి పాకి అక్కడివీ చస్తాయి. మూత బిగించి సీల్ చెయ్యి.

కాలర్: చచ్చినవాటిని ట్రిపాన్ బ్లూ అనే రంగుతో లెక్కపెడితే సరిపోతుందా?

డాక్టర్: చచ్చినవి నీలం రంగు పట్టుకుంటాయి, నిజమే. కానీ సిస్టు దగ్గర ఆ లెక్కను నమ్మకు. దానికి రెండు పొరల గోడ ఉంటుంది, లోపలిది సెల్యులోజ్‌ది. నూనె కడిగేసి, అమీబాకి తిండిగా ఈ.కోలై బ్యాక్టీరియా పూసిన అగర్ జెల్లీ మీద వదిలి కొన్ని రోజులు చూడు. గోడ చీల్చుకుని అమీబా బయటికొచ్చిందంటే అది చావనట్టే. చాలా నూనెలు తిరిగే రూపాన్ని సులువుగా చంపుతాయి, సిస్టు దగ్గరే చతికిలపడతాయి. ఆ తర్వాత అదే మోతాదు మనిషి కణాల మీద వేసి చూడాలి. బాత్రూం యాసిడ్ పోసినా అమీబా చస్తుంది, దాన్ని మందు అనం కదా! ‘చంపింది’ అన్న హెడ్డింగ్ కనబడితే నేను ముందు వెతికేది మనిషి కణాల మీద చేసిన ఈ పరీక్ష ఫలితాలనే. అన్నట్టు, నూనెకు జీసీ-ఎంఎస్, అంటే అందులో ఏ రసాయనం ఎంతుందో చూపే పరీక్ష, చేయించు. ఒకే మొక్క అయినా కోసిన కాలాన్ని బట్టి నిమ్మగడ్డి నూనెలోని ముఖ్య రసాయనం సిట్రాల్ శాతం మారుతుంది.

యాంకర్: ఎంవీపీ కాలనీ నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: మేడమ్, కాంటాక్ట్ లెన్సులు వాడతాను. నాలుగు రోజులుగా ఒక కన్ను ఎర్రగా ఉంది. నొప్పికి రాత్రి నిద్ర లేదు, వెలుగు చూడలేకపోతున్నాను. టీ ట్రీ నూనె...

డాక్టర్: వేశారా?

కాలర్: ఇంకా లేదండీ.

డాక్టర్: వేయకండి. టీ ట్రీ నూనె ల్యాబ్‌లో అకాంతమీబా మీద పనిచేసిన మాట నిజమే, కానీ అది కంటిని మండిస్తుంది. లెన్సులు దేంతో కడుగుతారు?

కాలర్: సొల్యూషన్ అయిపోయినప్పుడు కుళాయి నీళ్లతో...

డాక్టర్: అదే టెన్షన్. కుళాయి నీళ్లలో ఈ అమీబా ఉండొచ్చు, క్లోరిన్‌కి సిస్టు లొంగదు. కంటికి కనిపించే ఎరుపు కన్నా నొప్పి ఎక్కువగా ఉంటే మాకు మొదట అనుమానం వచ్చేది దీని మీదే. కచ్చితంగా ఇదేనని ఫోన్లో చెప్పలేను, హెర్పిస్ కూడా ఇలాగే ఉంటుంది. కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, చూసే డాక్టర్ దాన్ని గీకి నమూనా తీసి చూడాలి. షాపులో స్టెరాయిడ్ చుక్కలు మాత్రం కొనకండి, జబ్బు ముదురుతుంది. అమీబా అని తేలితే క్లోర్‌హెక్సిడిన్ లాంటి చుక్కలు మొదట్లో గంటగంటకూ, నెలల తరబడి వాడాల్సి వస్తుంది.

కాలర్: సోమవారం వెళ్తానండీ.

డాక్టర్: సోమవారం కాదు, ఇప్పుడే. ఇంట్లో ఎవరైనా ఉన్నారా?

కాలర్: అన్నయ్య ఉన్నాడు.

డాక్టర్: బండి ఆయన్నే నడపమనండి. రెండు లెన్సులూ తీసేసి, డబ్బా, సొల్యూషన్ సీసా కూడా పట్టుకెళ్లండి. ఏదీ కడగొద్దు, వాటి నుంచి కల్చర్ పెడతారు, అంటే క్రిమి పెరుగుతుందేమో చూస్తారు.