మ్యాచింగ్ సెంటర్లో కన్ను వేసే లెక్క

వంగపండు రంగు చీర మీద జాకెట్టు గుడ్డ పరిచి చూస్తారు. ట్యూబులైటు కింద అచ్చంగా కలిసిపోతుంది. గుమ్మం దాటి ఎండలోకి రాగానే గుడ్డ ఎరుపు కొడుతుంది. కొట్టువాడు మోసం చేశాడనుకుంటాం గానీ, పాపం, అతని కంటికీ అది కలిసినట్టే కనబడింది.

కంటి వెనక పొర రెటీనాలో పగటి చూపుకు పనికొచ్చే కోన్ కణాలు మూడు రకాలు. వెలుగు తరంగదైర్ఘ్యాన్ని నానోమీటర్లలో కొలిస్తే, ఒకటి సుమారు 560 దగ్గర, ఒకటి 530 దగ్గర, మూడోది 420–440 మధ్య ఎక్కువగా స్పందిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కోన్లని పిలవడం అలవాటైంది. అది తప్పుదారి పట్టించే అలవాటు: 560 అంటే ఎరుపు కాదు, పసుపు కలిసిన ఆకుపచ్చ.

ఏ ఒక్క కోనుకూ తరంగదైర్ఘ్యం తెలియదు. ఎన్ని ఫోటాన్లు (వెలుగు రేణువులు) పట్టిందో అంతవరకే దాని లెక్క. 600 వెలుగును తగినంత పెంచితే 530 కోను తన సొంత వెలుగు పడినట్టే స్పందిస్తుంది. మూడింటి స్పందనలను పక్కపక్కన పెట్టి పోలిస్తేనే రంగు తేలుతుంది. ఆ మూడు అంకెలూ సరిపోతే, లోపలి వెలుగు ఎంత వేరైనా కంటికి ఒకటే.

రంగుల చూపును పరీక్షించే అనామలోస్కోప్ అనే పరికరం దీన్నే వాడుకుంటుంది. ఒక సగంలో 589 పసుపు. రెండో సగంలో 670 ఎరుపు, 546 ఆకుపచ్చ మిశ్రమం. మరలు తిప్పి రెండు సగాలనూ కలపాలి. పొడవు తరంగాల కోను తేడాగా ఉన్నవారు ఎరుపు ఎక్కువ కలుపుతారు, మధ్య కోను తేడా ఉన్నవారు ఆకుపచ్చ ఎక్కువ కలుపుతారు. ఆ రెంటిలో ఒకటి అసలే లేనివారికి పసుపు సగం వెలుగు సర్దితే చాలు, ఏ మిశ్రమమైనా కలిసిపోతుంది.

అన్నీ ఇలా కలవవు. వెలుగు, రంగుల కొలతలు చూసే అంతర్జాతీయ సంస్థ సీఐఈ 1931లో పెట్టిన ప్రమాణానికి ఆధారం బ్రిటన్ శాస్త్రవేత్తలు రైట్, గిల్డ్ ఇద్దరివీ కలిపి 17 మందితో చేసిన పోలికలు. అందులో ప్రాథమిక కాంతులు 700, 546.1, 435.8. 500 దగ్గరి నీలిపచ్చను ఈ మూడింటితో ఎంత కలిపినా తేలేం, మిశ్రమం వెలిసినట్టే ఉంటుంది. చివరికి ఎరుపును అవతలి వైపు, నమూనా వెలుగులోనే కలపాలి. ఆ ప్రమాణం పట్టికలో ఎరుపు మైనస్‌లో పడేది అందుకే.

ఇక జాకెట్టు గుడ్డ సంగతి. ఫ్లోరసెంట్ ట్యూబులైటు వెలుగులో చాలా భాగం కొన్ని సన్నని తరంగదైర్ఘ్యాల పట్టీల్లోనే ఉంటుంది. వాటి మధ్య రెండు అద్దకాలూ ఎంత తేడాగా ఉన్నా ఆ వెలుగులో బయటపడదు. పగటి వెలుగులో అన్ని తరంగాలూ ఉన్నాయి కాబట్టి తేడా దొరికిపోతుంది. గుడ్డను ముందు నీడపట్టున పగటి వెలుగులో, తర్వాత పసుపు బల్బు కింద చూడండి. పెళ్ళి మండపంలో కనబడేది రెండోదే. ముక్క మరీ చిన్నదైతే మళ్ళీ చిక్కే: 1931 కొలతలు చేయి చాచి పట్టిన బొటనవేలి వెడల్పంత మేరకే. చూపు మధ్యలో ఉండే పసుపు వర్ణకం కొంత నీలాన్ని మింగేస్తుంది కాబట్టి, చిన్న ముక్కలో కలిసింది తానులో కలవకపోవచ్చు.