మగ్గం మీద సెలోఫేన్: ఫైబర్ ఆర్ట్ చదువు కబుర్లు

హోస్ట్: నమస్కారం. ఆర్ట్ స్కూల్లో ఫైబర్ ఆర్ట్, అంటే దారాలు, గుడ్డలతో చేసే కళ, చదివిన అక్క ఈరోజు మనతో ఉన్నారు. అక్కా, చేరగానే ఏం చేయించారు?

అతిథి: పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులు! మొదట్లో చాలా రోజులు అదే పని. ఒక్కో పోగునీ వరస తప్పకుండా దువ్వెనలా ఉండే పన్నెలోంచి లాగి మగ్గానికి కట్టాలి. ఒక్క పోగు వదిలేస్తే గుడ్డ పొడవునా గీతలా కనిపిస్తుంది. ప్రయోగాలెప్పుడా అని నాకు ఒకటే ఆత్రం. కానీ బిగువు చేతికి తెలియకపోతే, తేడా మెటీరియల్‌లో ఉందో మన చేతిలో ఉందో ఎలా తెలుస్తుంది?

హోస్ట్: మరి మెటీరియల్ సంగతి?

అతిథి: అది నాకు చాలా ఇష్టమైన క్లాసు. పోగు కొస కాల్చి వాసన చూడమనేవారు. ఉన్ని, పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన, ఎందుకంటే అవి ప్రోటీన్. నూలు కాగితంలా కాలుతుంది, అది సెల్యులోజ్, మొక్కల్లో ఉండే పీచు పదార్థం. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. రంగులద్దకానికి ఇది తెలియాలి. రంగు నిలవడానికి ముందుగా పట్టించే పటిక ఉన్నికి సులువుగా పడుతుంది. నూలుకైతే దానికన్నా ముందు టానిన్ అనే వగరు పదార్థం పట్టించాలి.

హోస్ట్: ప్రయోగం అంటే కొత్త కొత్త వస్తువులు వాడటమేనా?

అతిథి: నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆనీ ఆల్బర్స్ అనే నేత కళాకారిణి పని గురించి చదివాక మారాను. ఆవిడ 1922లో జర్మనీలోని బౌహౌస్ అనే ఆర్ట్ స్కూల్లో చేరారు. నేతలోకి వెళ్ళింది ఇష్టంతో కాదు, అక్కడ ఆడవాళ్ళని ఎక్కువగా నేత వర్క్‌షాప్‌కే పంపేవారు. చదువు చివర్లో బెర్నావ్‌లోని ఒక ఆడిటోరియం గోడకి గుడ్డ నేశారు. నూలు శబ్దాన్ని పీల్చుకోవాలి, సెలోఫేన్, అంటే మెరిసే పలచటి పారదర్శక కాగితం, వెలుతురుని వెనక్కి కొట్టాలి. సెలోఫేన్‌ని వింతగా ఉందని పెట్టలేదు చూడు, దానికి అక్కడ ఒక పని ఉంది. 1949లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం ఆవిడ ఒక్కరి పనులతోనే ప్రదర్శన పెట్టింది.

హోస్ట్: మీరేం ప్రయత్నించారు?

అతిథి: బ్యాక్టీరియాతో సెల్యులోజ్ పెంచాను. కొంబుచా తెలుసుగా, పులియబెట్టిన టీ? తీపి టీ మీద గాలి తగిలే చోట మందంగా పొర కడుతుంది, అదే. రెండు మూడు వారాలు పట్టింది. తీసినప్పుడు వేలు మందం, జారుడుగా, బరువుగా ఉంది. ఎంత సంబరపడ్డానో! కానీ అందులో ముప్పాతిక పైన నీళ్లే. ఆరేసరికి కాగితమంత పలచనైపోయింది. దానికి కుట్లు వేసి ఒక పని పూర్తిచేశాను. ముసురు పట్టిన రోజు చూస్తే తేమ పీల్చుకుని మెత్తబడి, కుట్టు దగ్గర సాగిపోయింది. ఏడుపొచ్చేసింది.

హోస్ట్: అయ్యో! పారేశారా?

అతిథి: లేదు. మా దగ్గర శాంపిల్ పుస్తకం ఉంటుంది. ఏ రోజు, ఏ పాళ్ళు, ఎన్నాళ్లు ఆరింది, అన్నీ రాసి పక్కన ముక్క అంటించాలి. పాడైనవి కూడా. నిజానికి నేను ఎక్కువగా తిరగేసేది ఆ పాడైన పేజీలే. తర్వాత ముక్కకి గ్లిజరిన్ పట్టించాను, ఇంకోదానికి మైనం. గ్లిజరిన్‌ది మెత్తగా వంగుతుంది గానీ తడి ఇంకా లాగుతుంది. మైనంది తడికి ఆగింది కానీ మడత దగ్గర తెల్లగా చారలు పడుతున్నాయి. ఇప్పుడు రెండూ కలిపి చూస్తున్నా.

హోస్ట్: ఎలా ఉంది?

అతిథి: ఇంకా ఆరుతోంది. ఆదివారానికి తెలుస్తుంది.