ఎల్క్ ఎమ్‌1 అలారం ప్యానెల్: ఒక్క సీరియల్ పోర్ట్‌ను పలు పరికరాలకు పంచే విధానం

నమస్కారం. ఎల్క్ ఎమ్‌1 గోల్డ్ అలారం ప్యానెల్ బోర్డు మీద తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్ట్ (సమాచారాన్ని ఒక్కొక్క బిట్‌గా పంపే కనెక్షన్) ఒక్కటే ఉంటుంది. ఇంట్లో మాత్రం ఆ ప్యానెల్‌తో మాట్లాడవలసిన పరికరాలు రెండు మూడు ఉంటాయి. ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ ఒకటి, వంటగది గోడ మీద ఏ తలుపు తెరిచి ఉందో చూపించే ట్యాబ్లెట్ మరొకటి, సెట్టింగులు మార్చవలసి వచ్చినప్పుడు తెచ్చిపెట్టే ల్యాప్‌టాప్ ఇంకొకటి. వీటన్నిటికీ ఆ ఒక్క పోర్ట్‌ను సురక్షితంగా ఎలా పంచాలో ఈ వీడియోలో చూద్దాం. పోర్ట్‌ను తెరిచే అధికారం ఒక్క ప్రోగ్రామ్‌కే ఉండాలనీ, మిగిలిన పరికరాలన్నీ ఆ ప్రోగ్రామ్ ద్వారానే ప్యానెల్‌ను చేరాలనీ నా నిశ్చితాభిప్రాయం. ఎందుకో వరుసగా వివరిస్తాను.

పని మొదలుపెట్టే ముందు ప్యానెల్ డబ్బా తెరిచి, ఆ సీరియల్ పోర్ట్‌కు ఇప్పటికే ఏదైనా తగిలించి ఉందేమో చూడండి. చాలా ఇళ్లలో అక్కడ ఎమ్‌1ఎక్స్‌ఈపీ అనే ఈథర్నెట్ మాడ్యూల్ ఉంటుంది. అలారాలను దూరం నుంచి గమనించే మానిటరింగ్ స్టేషన్‌కు ఇంటర్నెట్ మీదుగా అలారం సమాచారం పంపేది ఆ మాడ్యూలే కావచ్చు కాబట్టి, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఊడదీయకండి. అది ఉన్నవారు సీరియల్ కేబుల్ జోలికి వెళ్లకుండా, దాని నెట్‌వర్క్ పోర్ట్ 2101 ద్వారానో, ఎన్‌క్రిప్షన్ ఉన్న 2601 ద్వారానో ప్యానెల్‌ను చేరవచ్చు. ఇక మీదట చెప్పేది ఆ మాడ్యూల్ లేని ఇళ్ల కోసం.

కేబుల్‌ను రెండుగా చీల్చే వై కేబుల్‌తో పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ ఈ సీరియల్ పోర్ట్ వాడే ఆర్‌ఎస్-232 పద్ధతి ఒక చివర ఒక పరికరం, మరో చివర ఒక పరికరం ఉంటాయన్న లెక్కతో రూపొందింది. పంపే తీగ ఏమీ పంపనప్పుడు కూడా ఋణ వోల్టేజీని పట్టి ఉంచుతుంది. రెండు పరికరాల పంపే తీగలను కలిపితే, ఒకటి ధన వోల్టేజీకి లేపడానికి ప్రయత్నిస్తున్నప్పుడు రెండోది అదే తీగను కిందికి లాగుతూ ఉంటుంది. ఫలితంగా వచ్చే వోల్టేజీ ధన 3కీ ఋణ 3కీ మధ్య ఎక్కడో పడితే, అది సున్నాయో ఒకటో తేల్చుకునే ఆధారం ప్యానెల్‌కు ఉండదు. ప్యానెల్ పంపేదాన్ని రెండు పరికరాలు వినడం వరకు పొట్టి కేబుల్ మీద పని చేయవచ్చు గానీ, అది కూడా ప్రమాణం అనుమతించిన లోడుకు మించిన వాడకమే అవుతుంది.

కీప్యాడ్‌లన్నీ ఒకే నాలుగు తీగల మీద ఉన్నాయి కదా, ఇది మాత్రం ఎందుకు కుదరదు అని మీరు అడగవచ్చు. కీప్యాడ్‌లు ఉన్నది ఆర్‌ఎస్-485 బస్ మీద, అంటే పలు పరికరాలు పంచుకునేందుకే ఉన్న తీగల మీద. అక్కడ ప్రతి పరికరానికీ సొంత అడ్రస్ ఉంటుంది, తన వంతు వచ్చేవరకు ప్రతి పరికరమూ తీగను పూర్తిగా వదిలేసి ఉంటుంది. ఆ క్రమశిక్షణ సీరియల్ పోర్ట్‌లో లేదు కాబట్టి దాన్ని మనమే సాఫ్ట్‌వేర్‌లో కల్పించాలి.

ఇందుకోసం ప్యానెల్ పక్కనే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి, యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్‌తో కలపండి. రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీది జీపీఐఓ పిన్నులు (బయటి తీగలు కలిపే పిన్నులు) 3.3 వోల్టులవి, ఆర్‌ఎస్-232 తీగను వాటికి నేరుగా తగిలిస్తే బోర్డు పాడైపోతుంది. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కన్వర్టర్‌ను నేను ఇష్టపడతాను, ఎందుకంటే సాధారణంగా ప్రతి ముక్కకూ వేరే సీరియల్ నంబర్ ఉంటుంది, దాని ఆధారంగా లినక్స్ ఇచ్చే శాశ్వతమైన పేరును వాడుకుంటే రీబూట్ తర్వాత పోర్ట్ పేరు మారిపోయే బెడద ఉండదు.

ఇప్పుడు రెండు ప్రోగ్రామ్‌లు ఒకే పోర్ట్‌ను నేరుగా తెరిస్తే ఏం జరుగుతుందో చూడండి. వచ్చిన ప్రతి అక్షరాన్నీ ఎవరు ముందు చదివితే వారికే లినక్స్ ఇచ్చేస్తుంది, రెండోవారికి దాని నకలు ఉండదు. ఒకే సందేశం సగం హోమ్ అసిస్టెంట్‌కు, సగం ట్యాబ్లెట్ ప్రోగ్రామ్‌కు పోయి, ఇద్దరి దగ్గరా చెల్లని ముక్కలే మిగులుతాయి. అప్పుడప్పుడు పని చేసి అప్పుడప్పుడు ఆగిపోయే వ్యవస్థల్లో మొట్టమొదట అనుమానించవలసింది దీన్నే.

సందేశం రూపాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. ప్యానెల్ ఆర్మింగ్ స్థితిని, అంటే కాపలా ఆన్‌లో ఉందో లేదో అడిగే సందేశంలో వరుసగా సున్నా, ఆరు, చిన్న ఏ, చిన్న ఎస్, సున్నా, సున్నా, ఆరు, ఆరు ఉంటాయి. ఆఖరున వరుస ముగింపు గుర్తులు వస్తాయి. మొదటి రెండు అంకెలు, వాటి తర్వాత ఎన్ని అక్షరాలు ఉన్నాయో చెబుతాయి. చివరి రెండు చెక్‌సమ్, అంటే సందేశం చెడిపోకుండా వచ్చిందో లేదో సరిచూసే సంఖ్య. మొదటి ఆరు అక్షరాల ఆస్కీ విలువలను (ప్రతి అక్షరానికీ కంప్యూటర్ ఇచ్చే సంఖ్యలను) పదహారు ఆధారంగా లెక్కించే హెక్సాడెసిమల్‌లో, అంటే 30, 36, 61, 73, 30, 30ను కూడితే 19ఏ వస్తుంది. అందులో చివరి రెండు స్థానాలైన 9ఏను హెక్సాడెసిమల్‌లోనే 100 నుంచి తీసివేస్తే 66 మిగులుతుంది. ఒక్క అక్షరం తప్పిపోయినా ఈ లెక్క కుదరదు, ఆ సందేశం చెల్లదు.

వేగం విషయంలో బెంగ అవసరం లేదు. సెకనుకు 1,15,200 బిట్ల వేగంతో, అక్షరానికి పది బిట్ల చొప్పున 11,520 అక్షరాలు వెళ్తాయి. మొత్తం 208 జోన్ల (తలుపులు, కిటికీల వంటి చోట్ల సెన్సర్ల) స్థితినీ చెప్పే సమాధానం వరుస ముగింపుతో కలిపి 218 అక్షరాలు మాత్రమే, అంటే దాదాపు 19 మిల్లీసెకన్లు. లైను దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. వంతు ఎవరిదన్నదే అసలు చిక్కు.

తేలికైన పరిష్కారం సెర్‌2నెట్ అనే ప్రోగ్రామ్. అది పోర్ట్‌ను తానొక్కతే తెరిచి, నెట్‌వర్క్ మీద అందిస్తుంది. మామూలుగా ఒక్క కనెక్షన్‌నే అనుమతిస్తుంది కాబట్టి, కాన్ఫిగరేషన్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ అనే ఎంపికను 3కు మార్చండి. ఆపైన ప్యానెల్ పంపే ప్రతి సందేశమూ ముగ్గురికీ అందుతుంది. ఒకరు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు మిగిలిన ఇద్దరికీ కూడా వస్తుంది. అడగని జవాబును చూసి తికమకపడని ప్రోగ్రామ్‌లనే ఇక్కడ వాడాలి. ప్యానెల్ గ్లోబల్ సెట్టింగులలో సీరియల్ పోర్ట్ 0 (బోర్డు మీది ఆ పోర్టే) మీద మార్పులను తనంతట తాను పంపే ఎంపికలను ఆన్ చేస్తే, పదే పదే అడిగే అవసరం బాగా తగ్గుతుంది.

సెర్‌2నెట్‌కు సందేశాల అర్థం తెలియదు, తనకు అందిన అక్షరాలను అందినట్టే తోసేస్తుంది. ప్రతి పరికరమూ సందేశాన్ని ఒకేసారి పూర్తిగా పంపినంతకాలం ఇబ్బంది రాదు గానీ, ఎవరైనా టెర్మినల్‌లో ఒక్కొక్క అక్షరం టైపు చేస్తున్నప్పుడు మధ్యలో మరొకరి సందేశం వచ్చి దూరవచ్చు. దానికన్నా ముఖ్యమైనది అధికారం విషయం. వంటగది ట్యాబ్లెట్ స్థితిని చూపిస్తే చాలు, అలారంను డిసార్మ్ చేసే, అంటే కాపలాను ఆపే సందేశం పంపే హక్కు దానికి ఉండకూడదు. అందుకే నేను పైథాన్‌లో ఒక చిన్న మధ్యవర్తి ప్రోగ్రామ్ రాసుకోమని గట్టిగా సిఫారసు చేస్తాను. అది ప్రతి పరికరం నుంచీ పూర్తి వరుస వచ్చేవరకు ఆగి, పొడవునూ చెక్‌సమ్‌నూ సరిచూసి, ఆ పరికరానికి అనుమతి ఉన్న రకం సందేశమైతేనే ఒకే క్యూలో చేర్చి, ఒకదాని తర్వాత ఒకటిగా ప్యానెల్‌కు పంపాలి. ఏదైనా పరికరం నెమ్మదించి తనకు వచ్చిన సందేశాలను చదవకపోతే, దాని కోసం అందరినీ ఆపకుండా దాని కనెక్షన్‌నే తెంచేయాలి.

డిసార్మ్ సందేశంలో యూజర్ కోడ్ ఏ మరుగూ లేకుండా ఉన్నది ఉన్నట్టుగా వెళుతుంది. కాబట్టి ఈ నెట్‌వర్క్ పోర్ట్‌ను రాస్ప్‌బెర్రీ పై లోపలికే పరిమితం చేసి, ఇతర పరికరాలను ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ అనే ఎన్‌క్రిప్షన్ ఉన్న దారి ద్వారా రానివ్వండి. రౌటర్‌లో దీనికి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి దారి తెరిచే అమరిక) ఎప్పుడూ పెట్టకండి.

ప్యానెల్ సెట్టింగులు మార్చడానికి ల్యాప్‌టాప్‌లో వాడే ఎల్క్ ఆర్‌పీ సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. అది పని చేస్తున్నంతసేపూ ప్యానెల్ మామూలు ఆదేశాలకు జవాబివ్వదు కాబట్టి దాన్ని పంపకంలో కలపకూడదు. ఆ సమయంలో మధ్యవర్తి ప్రోగ్రామ్‌ను ఆపి, పని ముగిశాక మళ్లీ మొదలుపెట్టండి.

చివరిగా పరీక్ష. మానిటరింగ్ స్టేషన్ ఉన్నవారు ముందుగా ఫోన్ చేసి మీ ఖాతాను టెస్ట్ మోడ్‌లో పెట్టించండి. తర్వాత రెండు పరికరాల నుంచి ఒకేసారి పదే పదే జోన్ల స్థితిని అడుగుతూ, చెక్‌సమ్ తప్పిన సందేశం ఒక్కటైనా వస్తుందేమో లాగ్‌లో చూడండి. ఆపైన రాస్ప్‌బెర్రీ పై కరెంటు తీసేసి, అలారం ఆర్మ్ చేసి, ఒక తలుపు తెరవండి. సైరన్ యథావిధిగా మోగాలి, మానిటరింగ్ స్టేషన్‌కు సమాచారం వెళ్లాలి, కీప్యాడ్ నుంచి డిసార్మ్ కావాలి. వీటిలో ఏ ఒక్కటి జరగకపోయినా కొత్త కేబుల్‌ను తీసి పక్కన పెట్టి, కారణం తెలిసేవరకు పాత అమరికతోనే ఉండండి. అన్నీ సరిగా ఉంటే మళ్లీ ఫోన్ చేసి టెస్ట్ మోడ్ తీయించడం మరిచిపోకండి.