ఆదేశం రాకముందే తేలిపోయే సంగతి

(తెర మీద: యాప్ స్టోర్. వెతికిన యాప్ కనిపించడం లేదు.)

2021 సెప్టెంబర్ 17. రష్యాలో పార్లమెంటు ఎన్నికల పోలింగ్ మొదలైన రోజు. అధికార పార్టీని ఓడించాలంటే ఎక్కడ ఎవరికి ఓటేయాలో చెప్పే యాప్ ఒకటి ఉండేది. పుతిన్‌ను ఎదిరించిన ప్రతిపక్ష నేత నవాల్నీ వర్గం తయారుచేసింది. సరిగ్గా ఆ రోజే అది ఆపిల్, గూగుల్ స్టోర్లలోంచి మాయమైంది. తీసేసింది ఆ కంపెనీలే. తీయకపోతే అక్కడి ఉద్యోగుల మీద క్రిమినల్ కేసులు పెడతామని ప్రభుత్వం బెదిరించిందని తర్వాత వార్తలొచ్చాయి.

కంపెనీలు లొంగిపోయాయని కోపం వస్తుంది. రావాలి కూడా. కానీ ఆ రోజు వాళ్ల చేతిలో మిగిలింది కొంచెమే. తన మనుషుల్ని, సర్వర్లని, వ్యాపారాన్ని ఒక దేశంలో పెట్టిన కంపెనీ తన జుట్టు ఆ ప్రభుత్వం చేతికి ఇచ్చినట్టే. లాగేది ఎప్పుడన్నదే ప్రశ్న.

చైనాలో యాహూ విషయంలో జరిగింది అదే. షీ తావ్ అనే జర్నలిస్టు 2004లో, పత్రికలకు ప్రభుత్వం ఇచ్చిన సూచనల వివరాలను తన యాహూ మెయిల్ నుంచి విదేశానికి పంపాడు. పోలీసులు అడిగితే ఖాతా వివరాలు యాహూ ఇచ్చేసింది. ఆయనకు 10 ఏళ్ల శిక్ష పడింది. 2007లో అమెరికా కాంగ్రెస్ విచారణలో యాహూ అధిపతి జెర్రీ యాంగ్ ఆయన తల్లికి తల వంచి క్షమాపణ చెప్పారు. కొడుకు మాత్రం 2013 దాకా జైల్లోనే ఉన్నాడు.

(తెర మీద: బ్రౌజర్ అడ్రస్ బార్, తాళం గుర్తు.)

ఇప్పుడు వికీపీడియా దగ్గరికి వద్దాం. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇది.

2015లో వికీపీడియా పూర్తిగా హెచ్‌టీటీపీఎస్‌కి, అంటే పాఠకుడికీ సైటుకీ మధ్య సమాచారాన్ని తాళం వేసి పంపే పద్ధతికి మారింది. మీరు ఒక పేజీ తెరిస్తే, మధ్యలో ఉన్న ఇంటర్నెట్ కంపెనీకి వికీపీడియాకి వెళ్లారని తెలుస్తుంది. ఏ పేజీ చదువుతున్నారో తెలియదు. దాంతో నచ్చని పేజీ ఒక్కదాన్నే గుట్టుగా ఆపడం కుదరదు. ఆపితే మొత్తం ఆపాలి, అందరికీ కనపడేలా ఆపాలి.

2017 ఏప్రిల్‌లో టర్కీ సరిగ్గా ఆ పనే చేసింది. సిరియా యుద్ధంలో టర్కీ పాత్ర గురించి రాసిన పేజీలు తీసేయమంది. వికీపీడియా తీయలేదు. మొత్తం సైటు మూతపడింది. విద్యార్థులూ, పరిశోధకులూ రెండున్నరేళ్లకు పైగా నష్టపోయారు, అది చిన్న సంగతేం కాదు. కానీ కేసు నడిచింది. నిషేధం భావప్రకటనా స్వేచ్ఛకు భంగమని 2019 డిసెంబర్‌లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానమే తేల్చింది. 2020 జనవరిలో సైటు తిరిగొచ్చింది. టర్కీలో అమ్ముకోవడానికి వికీపీడియాకి ప్రకటనలు లేవు, పోగొట్టుకోవడానికి లాభాలూ లేవు. అందుకే నిలబడగలిగింది.

ఆపిల్ పరిస్థితి వేరు. ఫోన్లు ఎక్కువగా తయారయ్యేది చైనాలో, అక్కడ అమ్మకాలూ ఎక్కువే. 2017లో అక్కడి స్టోర్ నుంచి వీపీఎన్ యాప్‌లు, అంటే ప్రభుత్వం ఆపిన సైట్లను చూడనిచ్చే యాప్‌లు, తీసేయమంటే తీసేసింది. ఐఫోన్‌లోకి యాప్ రావాలంటే ఆ స్టోర్ ఒక్కటే దారి అని నిర్ణయించింది కూడా ఆపిలే.

అయితే ఒత్తిడి లోపలి నుంచీ రావచ్చు. 2010లో చైనాలో సెన్సార్ చేసిన సెర్చ్‌ని మానేసిన గూగుల్, మళ్లీ అలాంటిదే రహస్యంగా తయారుచేస్తోందని 2018లో బయటపడింది. పేరు డ్రాగన్‌ఫ్లై. తాము ఏం తయారుచేస్తున్నామో తమకు తెలియాలంటూ 1,000 మందికి పైగా ఉద్యోగులు లేఖ మీద సంతకాలు చేశారు. 2019 జులైలో గూగుల్ ప్రతినిధి అమెరికా సెనేట్ కమిటీ ముందు, ఆ ప్రాజెక్టు ఆపేశామని చెప్పారు.