మ్యాచింగ్ సెంటర్‌లో మ్యాచ్ కాని గుండీలు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? టెక్సస్ నుంచి మేం నలుగురం కడప చేరుకున్నాం. గండికోట, దేవుని కడప అన్నీ చూపిస్తాను కానీ, ఇవాళ్టి వీడియో మాత్రం వైవీ స్ట్రీట్‌లో గుండీలు కొన్న కథ. ఇందులో మా చిన్నదాని చేతులే కనిపిస్తాయి. ముఖం చూపించొద్దంది, సరే అన్నాను.

మా పిన్ని కొడుకు పెళ్లి ఉంది. రెడీమేడ్ ఎందుకు, గుడ్డ తీసుకుని కుట్టిద్దాం అంది అమ్మ. పసుపు రంగు గుడ్డ మా ఏడేళ్ల పిల్లే ఎంచుకుంది. ఫ్రాకుకి ముందువైపు ఆరు గుండీలు రావాలి. ఆ ఆరూ ఆరు రకాలు ఉండాలట!

మ్యాచింగ్ సెంటర్ సంగతి మీకు తెలిసిందే. చీర పట్టుకెళ్తే చాలు, దానికి సరిపోయే ఫాల్, లైనింగ్, దారం కంటిచూపుతోనే తీసి ముందు పడేస్తారు. అలాంటి చోటికి వెళ్లి ఒకదానికొకటి కలవని గుండీలు ఇమ్మంటే ఆయన పరిస్థితి ఊహించుకోండి. "ఒకే సెట్టు తీసుకో పాపా, చూసేదానికి బాగుంటాది" అన్నాడు. "సేమ్ వద్దు అంకుల్" అంది. ఆయన నావైపు చూశాడు. నేను ఫోన్‌లో మునిగిపోయినట్టు నటించాను. ఇక చేసేదేం లేక డబ్బాలన్నీ కౌంటర్ మీద బోర్లించాడు. చొక్కా గుండీ ఒకటి, ఏనుగు బొమ్మది ఒకటి, బంగారు రంగుది, కోటుకు వేసే పెద్ద నల్లది... వెనక జనం ఆగి ఉన్నారు. నాకు టెన్షన్. దానికేం లేదు.

టైలర్ దగ్గర ఇంకా బాగా జరిగింది. ఈయన చాలా ఏళ్లుగా అమ్మ జాకెట్లు కుడుతున్నాడు. గుండీలు చూసి నవ్వలేదు, వద్దనలేదు. "గుండీని బట్టి కాజా కొయ్యాల పాపా. ఆరు సైజులంటే ఆరు కాజాలు వేరే వేరే. ఈ పెద్దది పైన పెడితే మెడ కాడ ఒత్తుకుంటాది, చూసుకో" అని గుడ్డ పరిచి, సుద్ద చేతికిచ్చాడు. అది గుండీలు అటూ ఇటూ జరిపి, పెద్దదాన్ని కిందికి దించి, తనే గుర్తులు పెట్టింది. మనం ఇంట్లో "అలా కుదరదు" అనేసి ఊరుకుంటాం. ఎందుకు కుదరదో ఆయన చెప్పాడు, మిగతాది దానికే వదిలేశాడు.

అక్కడ మా పిల్లల స్కూల్లో స్పిరిట్ వీక్ అని పెడతారు. ఒకరోజు పైజమాలు, ఒకరోజు జతకాని సాక్సులు, ఒకరోజు పిచ్చి జుట్టు. సరదాగానే ఉంటుంది. కానీ నోటీసు వచ్చిందని అందరూ ఒకేరోజు పిచ్చిగా తయారై వస్తే, అందులో ఎవరి ఇష్టం ఉన్నట్టు?

ఇంటికొచ్చాక అసలు గొడవ. "పెండ్లిలో ఏమంటారే? అమెరికాలో ఉండి పిల్లకు ఒక సెట్టు గుండీలు గూడా కొనలేదు, ఊడిపోయిన కాడ దొరికినవి కుట్టినారు అనుకోరా?" అంది అమ్మ. నవ్వాను కానీ, నాక్కూడా అదే భయం లోపల ఉంది. ఆ సిగ్గు పిల్లది కాదు, మా ఇద్దరిదీ. దానికోసం పిల్ల గుండీలు మార్చుకోవాలా?

అన్నీ దాని ఇష్టమే అని మాత్రం అనుకోకండి. మొన్న పెద్ద దర్గాకు వెళ్లాం. తలకు గుడ్డ కప్పుకోవాలి, అందులో బేరం లేదు. ఏ గుడ్డ అన్నది మాత్రం దానికే వదిలేశాను. నా చున్నీలన్నీ పక్కన పెట్టి తాత తువ్వాలు కప్పుకుని వచ్చింది.

కామెంట్లలో అడుగుతారని ముందే చెప్తున్నా, ముఖం చూపించకపోవడం కూడా ఇలాంటిదే. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 12వ అధికరణం ఉంది. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల అభిప్రాయానికి విలువ ఇవ్వాలంటుంది. భారత్ 1992లో ఆ ఒప్పందంలో చేరింది. మేముండే అమెరికా 1995లో సంతకం పెట్టి, ఇప్పటికీ ఆమోదించకుండా కూర్చుంది!

పెళ్లిలో ఏమైందంటే, ఒక ముసలమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్కో గుండీ గురించి అడిగింది. మిగతావాళ్లు గుండీలు చూడనే లేదు, అందరి కళ్లూ నగల మీదే.

మా పెద్దోడిది పూర్తిగా వేరే రకం. వాడికి రోజూ అదే బూడిద రంగు టీషర్ట్. బంధువులు ఎన్ని రంగుల చొక్కాలు తెచ్చిపెట్టినా మడత విప్పడు. అదీ వాడి ఇష్టమే కదా, రంగులుంటేనే సొంత ఇష్టం అని ఎవరన్నారు? అమ్మ పొద్దున్నే దాన్ని ఉతికి మిద్దె మీద ఆరేస్తోంది, ఈ కడప ఎండకు వాడి స్నానం అయ్యేలోపు ఆరిపోతోంది. రేపు గండికోట వీడియోలో కూడా అదే టీషర్ట్‌లో కనిపిస్తాడు, పాత వీడియో అనుకోకండి. బై అండీ.