ఏ ఆకు కోశావు?

వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో గుంటూరు దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం సుగంధ మొక్కల్లో ఆకు వయసు, నూనె. పెప్పర్‌మింట్‌తో మొదలుపెడతాను. దాని ఆకు మీద కంటికి ఆననంత చిన్న తిత్తులుంటాయి. నూనె చేరేది వాటిలోనే. ఆకుకు 12 నుంచి 20 రోజుల వయసున్నప్పుడే ఆ నూనె చాలావరకు తయారైపోతుంది. లేతాకు నూనెలో మెంథోన్ అనే పదార్థం ఎక్కువ. ఆకు ముదిరేకొద్దీ ఆ మెంథోనే మెంథాల్‌గా మారుతుంది. ఒకే మొక్క, ఒకే రోజు కోత. అయినా పై ఆకు నూనె వేరు, కింది ఆకు నూనె వేరు.

ఇక కాగితం పక్కన పెడుతున్నాను, క్షమించాలి.

మాది పొన్నూరు వైపు. తమలపాకు తోట ఉండేది. అవిశ చెట్లకు తీగను జమ్ముతో కట్టేవాళ్లం. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆ ఆకే తీసుకున్నాను. వారం వారం 100 గ్రాములు తూచి, ఆకు నుంచి నూనె తీసే గాజు పరికరం క్లెవెంజర్‌లో మరిగించేవాణ్ణి. ఒక వారం నూనె బాగా వచ్చేది, మరుసటి వారం పడిపోయేది. మా గైడు గారు రికార్డు మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి, "లెక్కలు వండి తెచ్చావా?" అన్నారు. అందరి ముందూ అన్నారండీ! నలభై ఏళ్లయింది, ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ రోజు ఇంటికెళ్లి సంచి దించితే, మా నాయనమ్మ అందులోంచి రెండాకులు తీసి, తొడిమలు గిల్లి, ఒకదాని తర్వాత ఒకటి నమిలింది. "ఇది కొసది, ఇది మొదట్లోది. రెండూ కలిపి కోశావేంరా?" అంది. అంతే! తూకం రాశాను, తేదీ రాశాను, ఆకు వయసు మాత్రం రాయలేదు. తమలపాకులో లేతాకుకే నూనె ఎక్కువని ఆ తర్వాత చదువుకున్నాను.

పిల్లలూ, రికార్డులో ఒక గడి అదనంగా గీసుకోండి. కొస నుంచి ఎన్నో ఆకు? అది లేకుండా నూనెలో ఘాటునిచ్చే యూజినాల్ ఇంత శాతం అని రాస్తే, ఆ అంకెతో ఎవరికీ పనిలేదు. గైడులుగా ఉన్నవారికి చేతులెత్తి మొక్కుతున్నాను. అంకె తేడా వస్తే పిల్లవాణ్ణి అనుమానించే ముందు, "ఏ ఆకు కోశావు నాయనా?" అని ఒక్కసారి అడగండి.

నిమ్మగడ్డి గురించి కూడా చెప్పాలనుకున్నాను, టైం అయిందంటున్నారు. సరే. పొద్దున్నే తోటలో కోసుకొచ్చిన తమలపాకులు రెండున్నాయి. ఒకటి కొస నుంచి మూడోది, ఇంకోటి బాగా ముదిరింది. ముందు వరసవాళ్లు అందుకోండి. అంచు గిల్లి వాసన చూడండి. ఏది ఏదో పైకి చెప్పకుండా వెనక వరసకు పంపండి.