వేరావల్ నుంచి వచ్చే ఫోను

(శ్రీకాకుళంలో గ్రామ సచివాలయ ఉద్యోగుల శిక్షణ తరగతిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. ఆ చనువుతోనే మనసులో మాట చెబుతాను.

తుపాను హెచ్చరికను ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో పెడుతున్నప్పుడు, దాన్ని ఎవరు చదువుతారని అనుకుంటున్నారు? ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకునే మనిషి అనుకుంటే పొరపాటే. ముందు చదివేది గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనిచేసే అతని కొడుకు. చెన్నైలో సెంట్రింగ్ పనికెళ్లిన అల్లుడు. మన దగ్గర వలస వెళ్లనివాళ్లున్న ఊరు ఏది చెప్పండి? వాళ్లు అక్కడ చదివి, వెంటనే ఇంటికి ఫోన్ చేస్తారు. ఇంట్లో అమ్మ చేతిలో ఉండేది బటన్ల ఫోను. అందుకే ఫోన్లో పైకి చదివి వినిపిస్తే అమ్మకు అర్థమయ్యేలా రాయండి. మిగతావన్నీ దీని తర్వాతే.

ఒక కార్యాలయం వాళ్లు పెట్టిన పోస్టు నేను చూశాను. వంశధార మీది గొట్టా బ్యారేజీ నుంచి ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారు, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి అని. అందులో తప్పేమీ లేదు. కానీ కొడుకు ఇది చదివి వినిపిస్తే తల్లి ఏమంటుంది? "క్యూసెక్కులంటే ఏటి నాయనా? ఇక్కడ ఎండ కాస్తుంది కదా!" అంటుంది. ఆమె మాటా నిజమే. వంశధారలోకి నీళ్లొచ్చే నేలలో ఎక్కువ భాగం ఒడిశాలోనే ఉంది. అక్కడ కురిస్తే ఇక్కడ ఏరు పొంగుతుంది. ఆకాశం చూసి నమ్మే మనిషికి ముందుగా చెప్పాల్సింది ఆ సంగతే. "పైన ఒడిశాలో పెద్ద వాన పడింది. ఈ రాత్రికి ఫలానా ఊళ్ల దగ్గర ఏరు గట్టు దాకా రావచ్చు. పశువుల కట్లు విప్పేయండి. చీకటి పడకముందే ఫలానా బడికి రండి." ఇలా చెప్పండి. గేట్ల లెక్క కింద వేసుకోవచ్చు.

ఇంకొకటి, బొమ్మల గురించి. హెచ్చరికను పోస్టరుగా చేసి, సగం చోటు ఫొటోలకిచ్చి, అసలు మాట చీమతల అక్షరాల్లో వేస్తున్నారు. తేదీ ఒక మూల ఉంటుంది. ఎవరో దాన్ని కత్తిరించి పంపితే అదీ ఉండదు. మరుసటి ఏడు అదే బొమ్మ మళ్లీ తిరుగుతుంది, ఊరంతా టెన్షన్. తేదీనీ, గంటనూ మొదటి వాక్యంలోనే రాయండి. బొమ్మ పెట్టినా, దాని కింద అదే మాటను మామూలు అక్షరాల్లో రాయండి. వాతావరణ శాఖ రంగుల్నీ విప్పి చెప్పండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే కదలమని.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి, జీడితోటలు వేళ్లతో లేచిపోయాయి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. అప్పుడిక ఊళ్లో దండోరా, ఆటోకి కట్టిన మైకే దిక్కు. మరి మీ ఫేస్‌బుక్ పేజీ ఎవరికి? దూరాన ఉన్నవాళ్లకే. చెన్నైలో ఉన్న మా తమ్ముడి కొడుకు రెండు రోజులు నిద్రపోలేదు. వాడికి కావలసింది పర్యటన ఫొటోలు కాదు. ఏ ఊరివాళ్లు ఏ బడిలో ఉన్నారు, ఏ రోడ్డు తెరిచారు, ఏ టవరు ఎప్పటికి పనిచేస్తుంది అన్నదే. ఆ మూడు వాక్యాలు గంటకోసారి ఎవరైనా రాసి ఉంటే, వాడు కాస్త కన్ను మూసేవాడు.

కేంద్రం 2012లోనే ప్రభుత్వ సంస్థల సోషల్ మీడియాకు మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రజలకు జవాబివ్వడం అందులో పెద్ద విషయమే. పోస్టు పెట్టడంతో పని అయిపోదు.

మొన్నటి వరదల్లో ఒక పోస్టు కింద ఒక అమ్మాయి రాసింది. "సార్, మా ఊరికి నీళ్లొస్తాయా? అమ్మ ఒక్కతే ఉంది." ఊరి పేరూ రాసింది. దాని కింద దండం పెట్టే బొమ్మలు చాలా ఉన్నాయి. జవాబు మాత్రం లేదు.

ఆ ఊరు మీలో ఒకరిది అనుకోండి. అందరూ ఫోన్లు తీయండి. ఆ అమ్మాయికి ఏమని రాస్తారో ఇప్పుడే, మూడు వాక్యాల్లో రాయండి. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి పైకి చదివిస్తాను.